చట్టం మారుతుందని ఇల్లు తాకట్టు పెడతారా?

ప్రశ్న: ఓక్లహోమా సిటీ పక్కన ఎడ్మండ్‌లో ఉంటున్నాం. నాకు 42 ఏళ్లు, ఐటీ ఉద్యోగం. చేతికి నెలకు 9,400 డాలర్లు వస్తాయి, ఖర్చు 7,200. రెండో బాబు పుట్టాక నా భార్య ఉద్యోగం మానేసింది. ఇద్దరికీ గ్రీన్‌కార్డు ఉంది, వచ్చే ఏడాది పౌరసత్వానికి దరఖాస్తు చేయాలి. బ్యాంకులో 11 వేల డాలర్లు ఉన్నాయి, 10 లక్షల డాలర్ల టర్మ్ పాలసీ ఉంది. మాది ఒంగోలు దగ్గర పొగాకు రైతు కుటుంబం. 2021లో ఒక మిత్రుడి మెడికల్ గంజాయి గ్రోలో (పెంచే తోటలో) 60 వేలు పెట్టి 25 శాతం వాటా తీసుకున్నాను. ఇంతవరకు పైసా రాలేదు. రిక్రియేషనల్ (మందుగా కాక సరదాకి) వాడకానికి కూడా అనుమతి వస్తే అమ్మకాలు నాలుగింతలవుతాయని, ఇప్పుడే రెండు గ్రీన్‌హౌస్‌లు అదనంగా వేయాలని మిత్రుడు అంటున్నాడు. పౌండు 1,400 డాలర్ల చొప్పున 300 పౌండ్లు అమ్మితే, వడ్డీ కాకుండా ఖర్చు 2 లక్షల 40 వేలు పోను, ఏడాదికి లక్షా 80 వేలు మిగులుతుందని లెక్క వేశాడు. నా పేరున లక్షా 60 వేల హెలాక్ (ఇల్లు తాకట్టు పెట్టి తీసుకునే బ్యాంకు అప్పు) తీసుకోమంటున్నాడు. బ్యాంకు 8.5 శాతం వడ్డీ అంది. చాలకపోతే నాన్న పొలం మీద కూడా తేవచ్చనుకుంటున్నాను. హెలాక్ మంచిదా, 401కె (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) మీద లోన్ మంచిదా?

జవాబు: రెండూ వద్దు. నాన్నగారి పొలం అసలే వద్దు.

గంజాయి మీద ఇష్టంతోనో కోపంతోనో మీ ఉత్తరం తీసుకోలేదు. మీరు చేయబోతున్న తప్పు మనవాళ్లలో చాలామంది చేస్తున్నారు. ప్రభుత్వం రేపు ఏదో నిర్ణయం తీసుకుంటుందని, దాన్ని ఇవాళే ఆదాయం కింద రాసుకుని అప్పు చేయడం ఆ తప్పు. అమరావతి చుట్టూ వడ్డీకి తెచ్చి ప్లాట్లు కొన్నవాళ్లకు 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వినగానే ఏమైందో మీకు తెలుసు. ప్లాటు కొనేవాడు లేడు, వడ్డీ మాత్రం ఆగలేదు. తర్వాత ప్రభుత్వం మారింది, పనులు మళ్లీ మొదలయ్యాయి. కానీ ఆ ఐదేళ్లు వడ్డీ కట్టలేక మధ్యలోనే అమ్ముకున్నవాళ్లకు అది తిరిగిరాలేదు. వాళ్ల దగ్గర ఏడాదికి సరిపడా ఇంటి ఖర్చు విడిగా ఉండి ఉంటే కొందరైనా ఆగగలిగేవారు.

మీ ఉత్తరంలో నేను ఎర్ర పెన్నుతో గీత గీసింది గ్రీన్‌హౌస్‌ల కింద కాదు, 11 వేల కింద. నెలకు 7,200 ఖర్చయ్యే ఇంట్లో 11 వేలంటే నెలన్నర. ఒక్క జీతం, ఇద్దరు చిన్నపిల్లలు, నెలన్నర తిండి. ఐటీలో ఈమెయిల్ వచ్చిన సాయంత్రమే లాప్‌టాప్ వెనక్కిచ్చేస్తున్న రోజులివి. ఈ స్థితిలో మీరు నన్ను అడగాల్సింది ఏ అప్పు మంచిదని కాదు.

సరే, గ్రో సంగతికి వద్దాం. డాలస్ నుంచి ఐ-35 మీద మీ ఊరు వైపు వస్తుంటే సరిహద్దు నది దాటిన దగ్గర్నుంచీ మెడికల్ గంజాయి కొట్ల ఆకుపచ్చ క్రాసు బోర్డులే. అన్ని కొట్లు ఎందుకు పుట్టాయో మీకు నాకంటే బాగా తెలుసు. 2018 జూన్‌లో మెడికల్ గంజాయిని అనుమతించే స్టేట్ క్వశ్చన్ 788 (రాష్ట్ర ప్రజల ఓటుకు పెట్టిన ప్రతిపాదన) గెలిచింది. లైసెన్సు ఫీజు 2,500 డాలర్లు, ఎన్ని లైసెన్సులైనా ఇస్తామన్నారు. 40 లక్షల జనాభా ఉన్న రాష్ట్రంలో గ్రో లైసెన్సులు ఒక దశలో 9 వేలు దాటాయి. మీరు వాటా కొన్నది సరిగ్గా ఆ శిఖరం మీద. 2022 ఆగస్టులో కొత్త లైసెన్సులు ఆపేశారు. 2023లో మీ రాష్ట్రపు మెడికల్ గంజాయి సంస్థే చేయించిన అధ్యయనంలో, రోగులకు కావలసిన ఒక్కో గ్రాముకు 64 గ్రాముల సరుకు ఉందని తేలింది. ఆ తర్వాత రెండేళ్లలో సగానికి పైగా గ్రోలు మూతపడ్డాయి. మీకు పైసా రాకపోవడానికి కారణం మీ మిత్రుడి చేతకానితనం కాదు. సరుకు ఎక్కువ, కొనేవాళ్లు తక్కువ. మిగిలినది పక్క రాష్ట్రంలో అమ్ముకుందామంటే, లైసెన్సున్న సరుకైనా సరిహద్దు దాటితే ఫెడరల్, అంటే అమెరికా కేంద్ర చట్టం కింద నేరం.

రిక్రియేషనల్ వస్తే కొనేవాళ్లు పెరుగుతారు, అది నిజమే. మీ మిత్రుడు లెక్కపెట్టింది అదొక్కటే. ధర ఏమవుతుందో ఆయన చూడలేదు. మిషిగన్ వైపు చూడండి. అక్కడ మెడికల్ చట్టం 2008లో వచ్చింది. కేర్‌గివర్ పేరుతో ఒక మనిషి ఐదుగురు రోగులకు, తనకు కలిపి 72 మొక్కల దాకా పెంచి బతికేవాడు. 2019 డిసెంబరులో రిక్రియేషనల్ కొట్లు తెరిచారు. 2020 మొదట్లో ఔన్సు పువ్వు కొట్లో 500 డాలర్ల పైన పలికింది. మీ మిత్రుడిలాంటి వాళ్లందరూ ఆ ధర చూసే షెడ్లు వేశారు. 2023 జనవరికి అదే ఔన్సు 80 డాలర్ల దగ్గరకు వచ్చింది. ఆ కాలంలో అమ్మకాలు ఏటేటా పెరుగుతూనే వచ్చాయి, ధర మాత్రం ఆరో వంతుకు పడింది. మెడికల్ కార్డులున్నవాళ్లు చాలామంది కార్డు రెన్యువల్ మానేసి పక్క వీధిలోని పెద్ద కొట్టుకు వెళ్లిపోయారు. కొలరాడోలో కూడా అంతే. అక్కడి రెవెన్యూ శాఖ పన్ను కోసం ప్రకటించే సగటు టోకు ధర 2021 మొదట్లో పౌండుకు 1,700 డాలర్ల పైన ఉండేది, 2022 రెండో సగానికి 700 దగ్గరకు దిగింది.

మెడికల్ మాత్రమే ఉన్న రాష్ట్రంలో చిన్న రైతుకు గేటు తెరుచుకోవడం అంటే ఇదే. ఆ గేటులోంచి కొనేవాళ్లతో పాటు పది రాష్ట్రాల్లో వ్యాపారం నడిపే కంపెనీలు కూడా లోపలికొస్తాయి. వాళ్లకు పౌండు తయారీ ఖర్చు మీకంటే తక్కువ. రెండేళ్లు నష్టానికి అమ్మినా తట్టుకునే డబ్బుంది. గేటు తెరవకపోయినా మీకు దెబ్బే. న్యూ మెక్సికోలో 2022 ఏప్రిల్ నుంచి, మిస్సోరీలో 2023 ఫిబ్రవరి నుంచి పెద్దవాళ్లెవరైనా గుర్తింపు కార్డు చూపించి కొనుక్కోవచ్చు. సరిహద్దుకు ఆవలివాళ్లు ఇక మీ దగ్గరికి ఎందుకు వస్తారు?

ఇదంతా మీకు కొత్త కాదు. మీ నాన్నగారిని అడగండి. పొగాకు బోర్డు ఉంది, ఆకు కాల్చే బ్యారన్‌కు రిజిస్ట్రేషన్ ఉంది, కోటా ఉంది, వేలం కేంద్రం ఉంది. ఇన్ని ఉన్నా 2015లో ప్రకాశం జిల్లాలో బేళ్లు వెనక్కి తెచ్చుకున్న రైతులున్నారు, ప్రాణాలు తీసుకున్నవాళ్లూ ఉన్నారు. లైసెన్సు పండించడానికి అనుమతి ఇస్తుంది, ధర ఇవ్వదు. ఆ సంగతి మీ ఇంట్లో అందరికంటే బాగా ఆయనకు తెలుసు.

ఇక చట్టం వస్తుందన్న నమ్మకం. 2023 మార్చి 7న స్టేట్ క్వశ్చన్ 820 రూపంలో మీ రాష్ట్రంలో ఇదే ప్రశ్న ఓటుకు వచ్చింది. దాదాపు 62 శాతం మంది వద్దన్నారు. 2024 నవంబరులో ఫ్లోరిడాలో 56 శాతం మంది కావాలన్నా, 60 శాతం కావాలన్న నిబంధన వల్ల ఓడిపోయింది. 820 గెలుస్తుందని ముందే షెడ్లు పెంచినవాళ్ల గతి ఏమైందో మీ మిత్రుడు మీకు చెప్పారా?

ఆయన లెక్కనే తీసుకుందాం. పౌండు 1,400 దగ్గర మిగిలేది లక్షా 80 వేలు, కానీ మీ వాటా పావు, అంటే 45 వేలు. పౌండు వెయ్యికి వస్తే మిగిలేది 60 వేలు, మీకు 15 వేలు. హెలాక్ మీద ఏడాది వడ్డీ 13,600. అంటే మీ ఇంటిని పణంగా పెట్టి, ఏడాదంతా టెన్షన్ పడి, పన్ను కట్టకముందు మీ చేతికి వచ్చేది 1,400 డాలర్లు. 800 దగ్గర అసలేమీ మిగలదు. కొలరాడోలో చూసిన 700 దగ్గర గ్రో 30 వేలు నష్టపోతుంది, మీ వడ్డీ మీకే ఉంటుంది. తోటలో పావు వంతు మీది, అప్పు మాత్రం మొత్తం మీది. ఈ ఒక్క వాక్యం మీ భార్యకు చదివి వినిపించండి. పైగా హెలాక్ వడ్డీ నిలకడగా ఉండదు. దానికి కొలమానమైన ప్రైమ్ రేటు 2022 మార్చి మొదట్లో 3.25 శాతం ఉండేది, 2023 జులైకి 8.5 అయింది.

మిగతా వ్యాపారాల్లో మునిగినవాడికి కాస్త ఒడ్డు ఉంటుంది. ఇందులో అదీ లేదు. గంజాయి వ్యాపారాలు దివాలా పిటిషన్ వేస్తే ఫెడరల్ కోర్టులు కొట్టేస్తూ వచ్చాయి. ఫెడరల్ పంట బీమా ఈ పంటకు లేదు. పన్ను చట్టంలో 280ఈ సెక్షన్, ఫెడరల్ మత్తుమందుల జాబితాలో షెడ్యూల్ 1, 2 కింద ఉన్న సరుకుల వ్యాపారానికి ఆఫీసు అద్దె, ప్రచారం లాంటి ఖర్చుల మినహాయింపు ఇవ్వదు. అందుకే పుస్తకాల్లో నష్టం కనిపించే ఏడాది కూడా పన్ను పడొచ్చు. గంజాయిని షెడ్యూల్ 1 నుంచి కిందికి మార్చే ప్రతిపాదన 2024 మేలో వచ్చింది కదా అని మీ మిత్రుడు అనొచ్చు. ఇది కూడా చట్టం మారుతుందని ఇల్లు పెట్టడమే. బ్యాంకులు గ్రోకు నేరుగా ఎందుకు అప్పివ్వడం లేదో, మీ మిత్రుడు మీ ఇంటి మీద ఎందుకు తెమ్మంటున్నారో కూడా ఆలోచించండి. హెలాక్ దరఖాస్తులో డబ్బు దేనికని అడుగుతారు. అక్కడ ఇంటి మరమ్మతులని రాయమని ఎవరైనా సలహా ఇస్తే, బ్యాంకుకు అబద్ధం చెప్పడం విడిగా మరో ఫెడరల్ నేరమని గుర్తుంచుకోండి. ఈ సలహా ఇచ్చే పెద్దమనుషులు మనవాళ్ల విందుల్లోనే కనిపిస్తారు, నాకు ఒళ్లు మండుతుంది.

డబ్బు కంటే పెద్ద విషయం ఇంకొకటి ఉంది. మీరు దాన్ని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. 2019 ఏప్రిల్‌లో అమెరికా ఇమిగ్రేషన్ శాఖ పౌరసత్వ దరఖాస్తుల విషయంలో స్పష్టంగా చెప్పింది: రాష్ట్రంలో చట్టబద్ధమైనా సరే, గంజాయికి సంబంధించిన ఫెడరల్ చట్ట ఉల్లంఘన దరఖాస్తుదారు సత్ప్రవర్తన నిరూపణకు అడ్డం కావచ్చు. ఈ రంగంలో పనిచేయడం కూడా అందులోకి రావచ్చు. మీది పనిచేయడం కాదు, యాజమాన్యం. దరఖాస్తు నింపే ముందు, గ్రీన్‌కార్డుతో దేశం దాటే ముందు కూడా, ఇమిగ్రేషన్ లాయర్‌కు ఆ 25 శాతం కాగితాలు చూపించండి. ఇండియా టికెట్లు బుక్ చేసుకుని ఉంటే లాయర్‌ను కలిసేదాకా ఆపండి. వాటా అమ్మినంత మాత్రాన పాత సంగతి చెరిగిపోదు. కాబట్టి ఎప్పుడు, ఎలా బయటకు రావాలో కూడా లాయరే చెప్పాలి. దీనికయ్యే ఫీజు చూసి వెనకాడొద్దు. ఆ 11 వేలలోంచి ఖర్చు పెట్టడానికి నేను ఒప్పుకునేది ఇదొక్కటే.

ఇప్పుడు నేను చెప్పదలుచుకున్న అసలు విషయం. మీకు తొమ్మిది నెలల అత్యవసర నిధి కావాలి. ఆరు నెలలు చాలదా అంటారు. రెండు జీతాలుంటే చాలేది. మీది ఒక జీతం, పైగా పౌరసత్వం ఇంకా చేతికి రాలేదు. ఇలాంటి ఇంటికి నేను తొమ్మిదికి తగ్గను. 7,200 చొప్పున 64,800. ఉన్న 11 వేలు పోను ఇంకా 53,800 కావాలి. నెలకు మిగిలే 2,200 మొత్తం అటే పంపితే రెండేళ్ల పైమాటే. హెలాక్ తీసుకుంటే నెలకు 1,133 వడ్డీకే పోతుంది, ఆ రెండేళ్లు నాలుగేళ్లు దాటతాయి. ఈ పోలిక చూశాక కూడా గ్రీన్‌హౌస్ ముద్దనిపిస్తే నేను చెప్పగలిగేది ఇంకేమీ లేదు.

రెండేళ్లు ఎక్కువనిపిస్తుందని తెలుసు. తగ్గించే దారులున్నాయి. చిన్నబాబు బడికి వెళ్లగానే మీ భార్య సగం రోజు పని మొదలుపెట్టినా నెలకు మరో 1,500 కలుస్తుంది. 7,200 ఖర్చులో కారు ఈఎంఐలు ఎంతో మీరు రాయలేదు. రెండో కారు అప్పుది అయితే ముందు దాని సంగతి చూడండి. ఈ డబ్బు జీతం పడే ఖాతాలో ఉంచకండి. వేరే బ్యాంకులో అధిక వడ్డీ సేవింగ్స్ ఖాతా తెరిచి, మీ భార్య పేరు కూడా చేర్చి, జీతం పడిన మర్నాడే ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టండి. గ్రోకు అవసరమైందని మిత్రుడు అడిగినా ఈ ఖాతా ఉన్నట్టు ఆయనకు తెలియనక్కర్లేదు.

టర్మ్ పాలసీ బాగుంది, అలాగే ఉంచండి. 401కె నుంచి లోన్ తీసి ఉద్యోగం పోతే మిగిలిన బాకీ పన్ను గడువులోగా కట్టాల్సి వస్తుంది, కట్టలేకపోతే అది ఆదాయం కింద లెక్క, పెనాల్టీ కూడా పడొచ్చు. నాన్నగారి పొలం ఆయన అత్యవసర నిధి, మీది కాదు.

పెట్టిన 60 వేల గురించి నిద్ర పట్టడం లేదని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. ఆ డబ్బు చాలావరకు పోయింది. దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికే ఇంకో లక్షా 60 వేలు పెట్టాలనిపిస్తోంది, అవునా? రేపు మిత్రుడితో మాట్లాడేటప్పుడు రెండు మాటలు చెప్పండి. నా పేరున అప్పు తేను. కంపెనీ తరఫున నేను ఏ హామీ కాగితం మీదా సంతకం పెట్టను. ఇప్పటికే పెట్టి ఉంటే, లీజు కావచ్చు, పరికరాల కొనుగోలు కావచ్చు, ఆ కాగితాల కాపీలు తీసుకుని లాయర్ దగ్గరికి వెళ్లేటప్పుడు వెంట పట్టుకెళ్లండి.