ముసురులో ఈనిన వీధికుక్క: కూనలకు ఆవుపాలు పట్టవచ్చా?

నెల్లూరులో, ఇంటి మెట్ల కింద వీధికుక్క పిల్లలు పెట్టిందని, ముసురు వదలడం లేదని, ఆవుపాలు పట్టవచ్చా అని అడిగారు.

పాల కన్నా ముందు వెచ్చదనం చూడండి. మొదటి 2 వారాలు కూనలు ఒంటి వేడిని తామే నిలుపుకోలేవు. తొలి వారం వాటి చుట్టూ 29–32 డిగ్రీలు ఉండాలి. అట్టపెట్టెలో గోనెసంచి, దానిపై పాత నూలుచీర మడతలు వేయండి. తడిస్తే మార్చండి. గుట్టగా ఒకదానిపై ఒకటి ఎక్కి కుయ్యిమంటుంటే చలి. విడివిడిగా పడి ఒగరుస్తుంటే ఉక్క.

తల్లి పాలిస్తుంటే ఆవుపాలు వద్దు. కుక్కపాలలో కొవ్వు, మాంసకృత్తులు అంతకన్నా బాగా ఎక్కువ. పైగా ఆవుపాలతో కూనలకు విరేచనాలు పట్టుకుంటాయి. ఆ ఖర్చేదో తల్లి మీద పెట్టండి: అన్నంలో ఉడికించిన గుడ్డు, ఎముకల్లేని కోడిమాంసం, రోజుకు 3–4 సార్లు, పక్కనే నీళ్లు. మిగిలిన చేపల పులుసు మాత్రం పోయకండి (మన ఊళ్లలో అది మామూలే). ముల్లు గుచ్చుకుంటుంది, ఉల్లిపాయ దానికి విషం.

ఈనిన తొలి 4 వారాల్లో తల్లి వణుకుతూ, కాళ్లు బిగుసుకుని ఆగకుండా ఒగరుస్తుంటే కాల్షియం పడిపోయి ఉండవచ్చు. అది ప్రాణాపాయం. కూనలను పాలు తాగనివ్వకుండా వేరుచేసి, తెల్లవారేదాకా ఆగకుండా పశువైద్యుడికి చూపించండి.

కూనలకు 2 వారాలకు నులిపురుగుల మందు, 6–8 వారాల మధ్య మొదటి టీకా. కొత్తలో కూనలను ఎత్తుకోకండి. తల్లి కరిస్తే తప్పు దానిది కాదు. కరిస్తే గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు కడిగి, వెంటనే రేబిస్ టీకాకు వెళ్లండి.