రెస్టారెంట్ ఫ్రాంచైజీలో ‘మీ ఏరియా’ అంటే ఎంతవరకు?

ప్రశ్న: డాలస్ దగ్గర ఒక చికెన్ బ్రాండ్ ఫ్రాంచైజీ మూడు స్టోర్లకు తీసుకుందామనుకుంటున్నాం. ఒక్కో స్టోర్ చుట్టూ రెండు మైళ్లు మీదే అంటున్నారు కంపెనీవాళ్లు. ఈ టెరిటరీ ఎలా నిర్ణయిస్తారు? అది సరిపోతుందా?

జవాబు: రెండు మైళ్లు సరిపోతాయా అన్నది తర్వాత. ఆ రెండు మైళ్లలో మీవి కానివి ఏవో ముందు చూడండి. డాలస్ ఉత్తర శివార్లలో నేను వేరే బ్రాండ్ శాండ్‌విచ్ స్టోర్లు నడుపుతున్నాను. సంతకానికి ముందు మా లాయరు గారు మ్యాప్ పక్కన పెట్టేసి మినహాయింపుల పేరా దగ్గరే మమ్మల్ని కూర్చోబెట్టారు. ఆయన చేసిన మేలు అప్పటికంటే ఇప్పుడే బాగా తెలుస్తోంది.

ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రూల్ ప్రకారం, మీరు సంతకం పెట్టడానికైనా డబ్బు కట్టడానికైనా కనీసం 14 రోజుల ముందు కంపెనీ ఎఫ్‌డీడీ (ఫ్రాంచైజ్ డిస్‌క్లోజర్ డాక్యుమెంట్, అంటే ఫ్రాంచైజీ వివరాలన్నీ చెప్పే పత్రం) ఇవ్వాలి. అందులో ఉండే 23 ఐటమ్‌లలో టెరిటరీ సంగతి 12వది. ఎక్స్‌క్లూజివ్ టెరిటరీ, అంటే మీ ఒక్కరికే చెందే ఏరియా, ఇవ్వడం లేదంటే ఆ మాట అక్కడే రాయాలి. మిగతా ఫ్రాంచైజీలనుంచీ, కంపెనీ సొంత స్టోర్లనుంచీ మీకు పోటీ రావచ్చని కూడా చెప్పాలి. మెక్‌డొనాల్డ్స్ డాక్యుమెంటులోనూ ఆ వాక్యం ఉంటుంది. కాబట్టి సేల్స్ మనిషి నోటితో చెప్పిన ‘మీదే’ని లెక్కలోకి తీసుకోకండి.

మూడు స్టోర్లంటున్నారు కాబట్టి మీకు రెండు ఏరియాలు ఉంటాయి. ఒకటి డెవలప్‌మెంట్ అగ్రిమెంటు (అన్ని స్టోర్లూ తెరుస్తామని కలిపి రాసే ఒప్పందం)లోది: ఒక కౌంటీయో, ఊరో, కొన్ని జిప్ కోడ్‌లో (మన పిన్ కోడ్‌ల లాంటివి). ఫలానా తేదీకి ఇన్ని స్టోర్లు తెరుస్తామన్న షెడ్యూలు మీదే అది నిలబడుతుంది. రెండోది, ఒక్కో స్టోర్‌కు విడిగా రాసే చిన్న ఏరియా. షెడ్యూలు తప్పితే సాధారణంగా పెద్దది పోతుంది, తెరిచిన స్టోర్ల చిన్నవి మాత్రం మిగులుతాయి. షెడ్యూలు పూర్తిచేసినా చాలా ఒప్పందాల్లో పెద్ద ఏరియా గడువు అక్కడితో ముగుస్తుంది. అంటే మీ మూడో స్టోర్ తెరిచిన మర్నాడే, మధ్యలో మిగిలిన ఖాళీ జాగాను ఇంకొకరికి ఇవ్వొచ్చు. ఆ ఖాళీలో కొత్త స్టోర్ పెట్టాలంటే ముందు మిమ్మల్నే అడగాలని రాయించుకోండి. సిటీ పర్మిట్ ఆలస్యమైతే గడువు పెరుగుతుందని కూడా.

ఇక గీత గీయడం. కంపెనీకి వలయం సులువు, కానీ వలయానికి రోడ్లతో పని లేదు. మా మొదటి స్టోర్ డాలస్ నార్త్ టోల్‌వే అనే పెద్ద టోల్ రోడ్డుకి తూర్పున ఉంది. డెలివరీ అడ్రసులన్నీ మ్యాప్ మీద పెట్టి చూస్తే గిరాకీ అంతా తూర్పువైపే, ఒక పెద్ద రోడ్డు వెంబడి పొడుగ్గా సాగింది. టోల్‌వే అవతల మా వలయంలోనే ఉన్న ఇళ్లనుంచి వచ్చేవాళ్లు బహు తక్కువ. మాకు రాని సగాన్ని కాపాడుతూ, మాకు అన్నం పెట్టే సగాన్ని మధ్యలో కోసేసిన గీత అది. అందుకే తర్వాతి స్టోర్‌కు వలయం వద్దని, రోడ్లే హద్దులుగా గీయమని అడిగాం, ఒప్పుకున్నారు. అలా గీయిస్తే ఒక మాట తప్పక తేల్చుకోండి: హద్దు రోడ్డు మధ్యగీత వరకా, అవతలి పక్క స్థలాలు కూడా కలిపా? డ్రైవ్-త్రూకి పనికొచ్చే మూల స్థలాలన్నీ ఆ హద్దు మీదే ఉంటాయి!

జిప్ కోడ్‌లతో రాస్తే, పోస్టలువాళ్లు వాటిని విడగొట్టవచ్చు. తేదీ వేసిన మ్యాప్ జతచేయించండి.

జనాభా లెక్కన ఇచ్చే ఏరియాల దగ్గర మీ ప్రాంతంలో ఇంకా జాగ్రత్త అవసరం. డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కో ఊరి జనాభానే చూడండి: 2000లో 33,714 మంది, 2010లో 1,16,989, 2020లో 2,00,509. ఇంతమందికి ఒక స్టోర్ అని రాసి, జనం పెరిగితే ఏరియాను కుదించే హక్కు కంపెనీ ఉంచుకుంటే, ఊరు ఎదిగిన ఫలం పక్కవాడికి పోతుంది. మీరు ఎవరూ లేని రోజుల్లో వచ్చి, అద్దె కట్టి నిలబడినందుకు దక్కాల్సింది అది. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది. గడువు మధ్యలో కుదించకూడదని పట్టుబట్టండి. పైగా జనాభా అంటే ఇళ్లలో ఉండేవాళ్లేనా? ఆ పక్క ఊరు ప్లానోలో టొయోటా ఉత్తర అమెరికా హెడ్ ఆఫీసు ఉన్న వైపు మధ్యాహ్నం భోజనానికి దిగే జనం ఇళ్ల లెక్కల్లో కనపడరు.

మినహాయింపులు దాదాపు ప్రతి ఒప్పందంలో ఉంటాయి: ఎయిర్‌పోర్టు, స్టేడియం, యూనివర్సిటీ, ఆసుపత్రి, మిలిటరీ బేస్, సూపర్‌మార్కెట్ లోపలి కౌంటరు. మోంటానాలోని గ్రేట్ ఫాల్స్‌లో ఒక బర్గర్ కింగ్ ఫ్రాంచైజీకి ఇలాగే జరిగింది. అక్కడి ఎయిర్‌ఫోర్స్ బేస్‌లో ఇంకో బర్గర్ కింగ్ వచ్చింది. 1999లో ఫెడరల్ అప్పీలు కోర్టు, ఒప్పందంలోని ఏ షరతూ తప్పనప్పుడు కంపెనీ సద్భావంతో (గుడ్ ఫెయిత్) నడుచుకోలేదన్న వాదన ఒక్కటే నిలవదని కంపెనీ వైపు తేల్చింది. అంతకు ఎనిమిదేళ్ల ముందు ఫ్లోరిడాలో ఒక ఫెడరల్ కోర్టు ఇలాంటి తగువులోనే ఫ్రాంచైజీ వాదనకు చోటిచ్చింది కానీ, ఇప్పుడు దాన్ని నమ్ముకోవడానికి లేదు. కాగితం మీద ఉన్నదే మీది.

అన్నిటికన్నా ఎక్కువ నొప్పి డెలివరీతో. మా పక్క స్టోర్ ఓనరు యాప్ ద్వారా మా గీత లోపలికి ఆర్డర్లు పంపుతాడు. కంపెనీని అడిగితే, టెరిటరీ అంటే కొత్త స్టోర్ కట్టకపోవడమే, డెలివరీతో సంబంధం లేదన్నారు. ఒప్పందం చదివితే వాళ్ల మాటే నిజం. మీరు డెలివరీ హద్దును విడిగా అడగండి. భోజనశాల లేని కిచెన్‌లు కూడా స్టోర్ కిందే లెక్క అని రాయించండి.

ఇండియాలో పెద్ద బ్రాండ్ల పద్ధతి వేరు. డొమినోస్ దేశమంతా జూబిలెంట్ అనే ఒక్క కంపెనీ చేతిలో ఉంది, హైదరాబాద్ మెక్‌డొనాల్డ్స్‌ను నడిపే వెస్ట్‌లైఫ్ కంపెనీకి పడమర, దక్షిణ ప్రాంతాలు ఉన్నాయి. అక్కడి అనుభవంతో చెప్పే బంధువుల సలహా రెండు మైళ్ల తగువుకు పనికిరాదు.

చివరగా, రేపు ఒక స్టోర్ అమ్మితే దాని ఏరియా కొన్నవాళ్లకు అదే రూపంలో వెళ్తుందా, లేక అప్పటికి నడుస్తున్న కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టిస్తారా? కొన్నవాళ్లు కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టాలని చాలా బ్రాండ్లు అడుగుతాయి, అందులో ఏరియా చిన్నదై ఉండొచ్చు. స్టోర్ అమ్మకం ధరలో ఆ తేడా నేరుగా కనపడుతుంది. ఇప్పుడే అడిగి రాయించుకోండి.