పోలవరం నిర్వాసిత కాలనీల్లో ఆరోగ్య సర్వే: ముందు చుట్టరికం అడగండి

పోలవరం నిర్వాసిత కాలనీలో రోడ్డు, కరెంటు, దగ్గరలో ఆస్పత్రి ఉన్నా కోయ, కొండరెడ్డి గిరిజన కుటుంబాలు ఎందుకు నీరసించిపోతున్నాయి, సర్వేలో ఏమి అడగాలి అన్నది మీ ప్రశ్న. అలాంటి కాలనీల్లో ఇంటింటికీ తిరిగి ఆరోగ్య వివరాలు రాసుకున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. బీపీ, రక్తహీనత కంటే ముందు "మీ వాళ్లంతా ఇప్పుడు ఎక్కడున్నారు?" అని అడగండి.

కోయల్లో ఒకే గట్టు (గోత్రం లాంటి వంశ సమూహం) వాళ్లు అన్నదమ్ముల లెక్క, వాళ్ల మధ్య పెళ్లి కుదరదు. అందుకే ప్రతి ఇంటికీ వేరే గట్టు వాళ్లతో వియ్యం ఉంటుంది. గోదావరి ఒడ్డున చాలామందికి పుట్టిల్లు పడవలో నది దాటితే వచ్చేది. కాన్పుకు వచ్చేది, జ్వరమొస్తే పిల్లల్ని చూసేది, గింజలు అప్పిచ్చేది ఆ చుట్టాలే. ముంపును మాత్రం జలాశయం నీటిమట్టాన్ని బట్టి మీటర్లలో కొలిచారు: తొలి దశకు 41.15, పూర్తి మట్టానికి 45.72. ఆ ముంపు గీతకు దిగువనున్న చెల్లెలు మైదానానికి వచ్చింది, ఎగువనున్న అక్క అక్కడే ఉండిపోయింది.

నేను చూసిన ఒక బాలింతకు ఐరన్ మాత్రలు అందాయి. ఆమె తల్లి మాత్రం పాత ఊళ్లోనే ఉంది. భర్త కూలికి వెళితే ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్లే మనిషి లేరు. చేపలు, అడవి దుంపలు, తునికి పండ్లు, జీలుగు చెట్టు పిండితో కాచే జావ డబ్బు లేకుండా దొరికిన చోటు నుంచి వచ్చి, ఉప్పుతో సహా అన్నీ కొనుక్కుంటోంది. "వీళ్లు తాగి పాడవుతున్నారు" అని అధికారులు తేలిగ్గా అనేస్తారు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. నలుగురూ కూర్చుని పంచుకునే జీలుగు కల్లు వేరు, పని దొరకని మగవాడు ఒంటరిగా తాగే చౌక మద్యం వేరు.

ఇంకో ప్రశ్న తప్పక చేర్చండి: "ఈ ఏడు మామిడికాయల పండుగ ఎక్కడ చేశారు, ఎవరెవరు వచ్చారు?" పండుగ చేయనిదే కొత్త కాయ తినని ఇళ్లు ఇవి. దీనికి వచ్చే జవాబులో ఎవరికి తోడుందో, ఎవరు ఒంటరయ్యారో తెలిసిపోతుంది.

వెనక ఉండిపోయిన వాళ్లనూ వదలకండి. 2022 జూలై వరదల్లో విలీన మండలాల (2014లో తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిపినవి) వాళ్లు గుట్టలెక్కి టార్పాలిన్ల కింద ఉన్నారు.

కోయ భాష వచ్చిన స్థానిక యువతిని వెంట తీసుకెళ్లండి, ఆమెకు కూలి ఇవ్వండి. గిరిజనుల భాష, సంస్కృతి నిలిచేలా వీలైనంత వరకు అందరినీ ఒకేచోట స్థిరపరచాలని 2013 భూసేకరణ చట్టం చెబుతోంది. మీ వివరాలను ఆ నిబంధనతో పోల్చి, ముందు గ్రామసభలో చదివి వినిపించండి.