ఎర్రమచ్చకు పసుపు, వెల్లుల్లి: ఎప్పుడు, ఎంత?

ప్రశ్న: మాది కైకలూరు మండలం. మూడేసి ఎకరాల చెరువులు రెండున్నాయి. ఒక్కో చెరువులో శీలావతి, బొచ్చె కలిపి ఆరు వేల చేపలు. ఇప్పుడు ఒక్కోటి 400 గ్రాములు తూగుతోంది. పోయిన చలికాలం ఎర్రమచ్చ (చేప ఒంటి మీద ఎర్రటి మచ్చలు పడే జబ్బు) వచ్చి చాలా చేప పోయింది. షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్‌లకే బోలెడు ఖర్చయింది. ఈసారి మేతలో పసుపు, వెల్లుల్లి కలుపుదామనుకుంటున్నాను. పనిచేస్తాయా? ఎంత కలపాలి?

జవాబు: ఇవి జబ్బు రాకముందు పెట్టాల్సినవి. వచ్చాక పెడితే లాభం తక్కువ. జబ్బుపడ్డ చేప ముందుగా మేత మానేస్తుంది. చెరువులో మేత నింపి కట్టే చిల్లుల సంచి దగ్గరికే రాని చేపకు మందెలా చేరుతుంది? అందుకని చలి ముదరకముందే, నవంబరు మొదట్లో మొదలుపెట్టండి.

శీలావతి మీద మన దేశంలోనే ప్రయోగాలు జరిగాయి. కిలో మేతకు 1 నుంచి 10 గ్రాముల వరకు పసుపు గానీ వెల్లుల్లి గానీ కలిపి పెట్టి, తర్వాత ఎర్రమచ్చ తెచ్చే ఏరోమోనాస్ బాక్టీరియా ఎక్కించి చూశారు. తిననివాటి కంటే తిన్నవి ఎక్కువ బతికాయి. కాకపోతే అవి తొట్లలో చేసినవి. అడుగున బురద, పైన మబ్బు ఉండే మీ చెరువులో అంత ఫలితం ఆశించకండి.

ఒక్కో చెరువుకు మీ లెక్క చూద్దాం. ఆరు వేల చేపలు, 400 గ్రాముల చొప్పున 2,400 కిలోలు. చేపల బరువులో 2 శాతం మేత అంటే రోజుకు సుమారు 50 కిలోలు. కిలోకు 5 గ్రాముల చొప్పున పసుపు పావు కిలో, వెల్లుల్లి పావు కిలో చాలు. సంక్రాంతి దాకా ఇవ్వండి. వెల్లుల్లి ధర చూసి టెన్షన్ పడేటట్టయితే పసుపు ఒక్కటే పెట్టండి. ఎక్కువ వేస్తే ఎక్కువ మేలని మాత్రం అనుకోవద్దు.

కలపడంలోనే చాలామంది నష్టపోతున్నారు. పొడిని తవుడు మీద చల్లి సంచిలో నింపితే సగం నీళ్లపాలే. పసుపులోని సారం నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. అర లీటరు తవుడు నూనెను గోరువెచ్చగా చేసి అందులో పసుపు కలపండి. వెల్లుల్లిని దంచి పది నిమిషాలు వదిలేయండి. దంచాకే దాని ఘాటు తయారవుతుంది, ఉడకబెడితే పోతుంది. రెండింటినీ మేతగా వేసే తవుడుకు, నూనెగింజల చెక్కకు పట్టించి, చల్లారిన గంజి చిలకరించి ముద్దగా కలిపి సంచులకు ఎత్తండి. ఏ పూటకాపూట కలుపుకోవాలి. పసుపు కొమ్ములు కొని మర పట్టించుకోండి, రంగు కలిపిన పొడి చేపకూ మంచిది కాదు.

మొక్కల నుంచి వచ్చింది కదా, ఏం కాదులే అనుకోకండి. పనికిరాని చేపల్ని చంపడానికి చెరువులో వేసే ఇప్పచెక్క (ఇప్పగింజల నూనె తీశాక మిగిలే పిప్పి) కూడా చెట్టు నుంచి వచ్చిందే. వేపాకు రసం, వేపనూనె మేతలో కలపమని ఎవరైనా చెబితే వినొద్దు. చేదుకు చేప మేత వదిలేస్తుంది, మోతాదు మించితే ప్రాణానికే ముప్పు. షాపులో హెర్బల్ ప్యాకెట్ ఇస్తే, ఏ మొక్క ఎంత శాతమో రాసి లేకపోతే తిప్పి ఇచ్చేయండి.

ఇంకో మాట. పోయినేడు మీకు వచ్చింది బాక్టీరియా జబ్బేనా? వల వేసి పది చేపల్ని పట్టి రెక్కల కింద చూడండి. కందిపప్పు బద్దలాగా బల్లపరుపుగా ఉన్న పురుగులు పాకుతూ ఉంటే అది చేప పేను. అది కుట్టిన చోట కూడా ఎర్రగానే ఉంటుంది, దానికి పసుపు పనిచేయదు. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే లోపం నీటిలో ఉంది, ఆక్సిజన్ చాలట్లేదు. ఏరేటర్ (నీటికి గాలి పట్టించే యంత్రం) తిప్పండి, మబ్బు రోజుల్లో మేత సగానికి తగ్గించండి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందుల మీద నిషేధం ఉంది, ఎవరిచ్చినా వాడకండి.

రెండు చెరువులూ సమానంగా ఉన్నాయి కాబట్టి తేడా తెలియడానికి ఈ ఏడాది ఒకదాంట్లోనే కలపండి. రెండో చెరువులో మేత, నీరు అన్నీ అలాగే ఉంచి, రెండింట్లోనూ చనిపోయిన చేపల లెక్క రోజూ రాసుకోండి. మచ్చలు కనిపిస్తే చచ్చిన చేప కాదు, బతికున్నవి రెండు మూడు ఆక్సిజన్ కవర్లో వేసి పశ్చిమ గోదావరి జిల్లా ఉండి ఊళ్లోని మత్స్య పరిశోధన కేంద్రానికో, మండల మత్స్యశాఖ కార్యాలయానికో ఆ రోజే తీసుకెళ్లండి.