మొదటి మాటకు ముందు 8 నిమిషాలు

ప్రశ్న: అక్కా, మాది సిరిసిల్ల. నాన్న సాంచాలు (మరమగ్గాలు) నడుపుతడు. నేను కరీంనగర్‌లో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్న. మూడు నెలల కింద మా రూమ్మేట్ ఫోన్‌లో పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ పాటలు వినిపించింది. అప్పట్నుంచి రోజూ అవే వింటున్న. వింటుంటే కథ రాయబుద్ధయితది, రాస్తున్న కూడా. తెల్లారి చూసుకుంటే అన్నీ చీకటి, ఒంటరితనం, అనంతం లాంటి మాటలే. ఇంగ్లిష్ కూడా నాకు సగమే అర్థమయితది. మా అన్న "ఆ పాటలకు, మన కథలకు ఏం సంబంధం?" అంటున్నడు. నేను చేసేది తప్పా?
– ఒక పాఠకురాలు, సిరిసిల్ల

జవాబు: తప్పు కాదు చెల్లీ. నీ ఉత్తరం చదివినప్పట్నుంచి నాకు ఒక క్యాసెట్ కళ్ళ ముందు మెదులుతోంది. 1988లో కాకతీయ యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతూ, హనుమకొండలో అన్నయ్య అద్దె గదిలో ఉండేదాన్ని. కాజీపేట ఆర్‌ఈసీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివే అన్నయ్య స్నేహితుడు ఒక టేపు రికార్డు చేసి ఇచ్చాడు. పైన పేరేమీ లేదు, నీలం సిరాతో 'పి.ఎఫ్.' అని రెండక్షరాలు, అంతే. పెడితే టేపు సుయ్యిమనడం తప్ప ఏమీ వినపడలేదు. ఖాళీదనుకుని రెండుసార్లు ఆపేశాను. మూడోసారి కత్తిపీట ముందు వంకాయలు తరుగుతూ ఆపడం మరిచిపోయాను. ఎక్కడో దూరాన తెల్లవారుతున్నట్టు సన్నగా ఒక నాదం పెరుగుతూ వచ్చింది. ఇంకాసేపటికి గిటార్ మీద నాలుగు స్వరాలు. ఆగి, మళ్ళీ అవే నాలుగు. నా చెయ్యి ఆగిపోయింది. మనిషి గొంతు వినపడేసరికి 8 నిమిషాలు దాటింది. వంకాయలు నల్లబడిపోయాయి.

ఆ పాట పేరు 'షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్'. ఆ నాలుగు స్వరాల సంగతి నువ్వు తెలుసుకోవాలి. బ్యాండ్‌లో గిటార్ వాయించే డేవిడ్ గిల్మోర్ సాధనలో వాటిని వాయించాడు. వాటిలోని దిగులు విని అదే బ్యాండ్‌లోని రోజర్ వాటర్స్ మాటలు రాశాడు. ముందు స్వరం, తర్వాత మాట. నువ్వు పాట విని కథ రాయాలనుకుంటున్నావే, వాళ్ళ పాట పుట్టింది కూడా అలాగే.

ఆ మాటలు సిడ్ బారెట్ గురించి. 1967లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బంలో చాలా పాటలు అతనివే. మనసు చెదిరి, 1968లో బ్యాండ్‌కు దూరమయ్యాడు. 1975లో లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో వాళ్ళు ఆ పాట పనిలో ఉండగానే, ఒళ్ళు వచ్చి, తలా కనుబొమలూ గొరిగించుకున్న ఒక మనిషి లోపలికొచ్చాడు. అతనే బారెట్ అని స్నేహితులు వెంటనే గుర్తుపట్టలేకపోయారు.

ఆ టేపు ఇచ్చినాయన ఇది చెబుతుంటే నా మనసు లండన్ వెళ్ళలేదు, హుజూరాబాద్‌లో మా ఇంటి గడప దగ్గరికి వెళ్ళింది. మా చిన్నమామ మహారాష్ట్రలోని భీవండి సాంచాల మీద పనికి వెళ్ళి ఏడేళ్ళకు తిరిగొచ్చాడు. అరుగు కింద నిలబడ్డ ఆ బక్క మనిషికి మా అమ్మ చెంబుతో నీళ్ళిచ్చి, "ఎవలింటికచ్చిండ్రయ్యా?" అని అడిగింది. సొంత అక్క! ఆయన నీళ్ళన్నీ తాగి, చెంబు కింద పెట్టి, "నేనే అక్కా" అన్నాడు. నా మొదటి కథ అదే. అందులో గిటార్ లేదు, లండన్ లేదు, ఒంటరితనం అనే మాట కూడా లేదు. ఆ చెంబు ఉంది.

ఇప్పుడు నీ ఇబ్బంది సంగతి. పాట మోగుతుండగా రాయకు. మోగినంతసేపూ దిగులంతా పాటే మోస్తుంది, నీ వాక్యం చేతులూపుకుంటూ పక్కన నడుస్తుంది. తెల్లారి పాట లేకుండా చదివితే నీకు ఒట్టి మాటలు మిగిలేది అందుకే. విను, ఆపు, ఫోన్ బయట పెట్టిరా. వింటున్నప్పుడు నీకు కనపడ్డ మనిషి ఎవరు, ఆ చేతిలో ఏముంది? అక్కణ్నుంచి రాయి.

నీకు ఇంకో పాట కూడా చెప్పాలి. 1973లో వచ్చిన 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' ఆల్బంలో డబ్బు మీద 'మనీ' అని ఒకటుంది. నాణేల గలగల, కాగితం చింపిన చప్పుడు, కొట్లో గల్లాపెట్టె యంత్రం టకటక, వీటన్నిటినీ టేపు మీద పట్టి, ఆ టేపును కొలిచి ముక్కలు కోసి, అతికి, గుండ్రంగా తిప్పారు. అదే తాళమైంది. ఏడు దెబ్బల తాళం, మన మిశ్రచాపుకున్నన్ని. అది విన్నాక నువ్వు సెలవులకు ఇంటికి వెళ్ళి సాంచాల దగ్గర కూర్చో. దారం మోసే నాడె అటూ ఇటూ కొట్టుకునే ఆ చప్పుడు పుట్టినప్పట్నుంచి వింటున్నావు కాబట్టే నీకది వినపడటం మానేసి ఉంటుంది. దెబ్బలు లెక్కపెట్టు. కరెంటు పోయినప్పుడు వాడంతా ఒక్కసారి చప్పుడాగిపోతుంది చూడు, అప్పుడు మొదట ఎవరు మాట్లాడతారు, ఏమంటారు? నాన్న చెయ్యి ఎక్కడుంటుంది? ఆ మాట రాకముందు నాలుగు పేరాలు రాసి నాకు పంపు. కథ మొత్తం వద్దు.

ఇంగ్లిష్ గురించి దిగులొద్దు. ముందు చెవితో విను, తర్వాత నిఘంటువు పక్కన పెట్టుకుని మాటలు చదువు. వాటర్స్ మాటలు చాలావరకు తేలికవే. అన్నను ఒకసారి ఒగ్గు కథకు తీసుకెళ్ళు. అక్కడా ముందు డోళ్ళు మోగి మనల్ని కూర్చోబెట్టాకే కథ వస్తుంది.

ప్రశ్న: మేడమ్, సింగరేణిలో రిటైరయ్యాను. మా మనవడు ఈ రాక్ పాటలే వింటాడు. వాడితో కలిసి వినాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
– ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: పైన చెప్పిన పాటతోనేనండి. 1975లో వచ్చిన 'విష్ యూ వర్ హియర్' ఆల్బంలో ఉంది. ఆల్బం మొత్తం ఐదే భాగాలు, 44 నిమిషాలు. ఆ పాటనే రెండుగా చేసి ముందొక సగం, చివరొక సగం పెట్టారు కాబట్టి వరస మార్చకుండా వినండి. రాత్రి భోజనాలయ్యాక, ఇయర్‌ఫోన్లు లేకుండా, స్పీకర్ పెట్టి ఇద్దరూ పక్కపక్కన కూర్చోండి. మొదట్లో ఏమీ వినపడకపోతే ఆపకండి.