ముందు ఆవిడ పని రాయమ్మా

అమ్మాయీ,

అడవిపూల బొమ్మలు వేసిన అమెరికన్ చిత్రకారిణి మేరీ వాక్స్ వాల్కాట్ మీద నువ్వు పంపిన వ్యాసం రాత్రే చదివాను. వాక్యం బాగా నడుస్తుంది నీకు. కానీ మొదటి పేరాలోనే "అమెరికాలోని స్మిత్‌సోనియన్ పరిశోధన సంస్థ కార్యదర్శి చార్లెస్ వాల్కాట్ సతీమణి" అని పరిచయం చేశావు చూడు, అక్కడ నాకు ఒళ్ళు మండింది. 1914లో ఆయన్ని పెళ్ళి చేసుకునేసరికి ఆవిడకి 54వ ఏడు నడుస్తోంది. అంతకుముందు బతుకంతా నీకు నాలుగు లైన్లేనా?

ఆ నాలుగు లైన్లలో ఎంత నలిగిపోయిందో చూడు. ఫిలడెల్ఫియాలో క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ళ ఇంట 1860లో పుట్టిన పిల్ల, చదువు అయిన కొద్దికాలానికే తల్లి పోతే తండ్రినీ ఇద్దరు తమ్ముళ్ళనీ చూసుకునే భారం మీద వేసుకుంది. 1887 నుంచి వేసవుల్లో కుటుంబంతో కెనడా రాకీ పర్వతాలకి వెళ్ళి, ఇల్లిసిల్లివాట్ హిమానీనదం ఎంత వెనక్కి తగ్గుతోందో తమ్ముళ్ళతో కలిసి కొలిచింది, ఫొటోలు తీసింది. 1900లో 10,000 అడుగులు దాటిన స్టీఫెన్ శిఖరం ఎక్కింది. ఒక వృక్షశాస్త్రవేత్త అరుదైన ఆర్నికా పువ్వు బొమ్మ వేసిపెట్టమని అడిగితే వేసింది, అక్కణ్ణుంచి అడవిపూలని పట్టుకుంది. పైగా నీ శీర్షిక "వృక్షశాస్త్రంలో ఆడుబాన్". ఎవరో అన్నమాటే కావచ్చు, కానీ ఆడుబాన్ అంటే పక్షుల బొమ్మలు వేసినాయన, అది ఇంకో మగాడి పేరు కదా!

చిత్రకారుల గురించి రాసేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. ముందు ఆ చెయ్యి ఎలా పనిచేసిందో రాయండి. "సుతిమెత్తని కుంచె", "రంగుల కవిత్వం" లాంటివి ఎవరికైనా అతికించొచ్చు. కోసిన అడవిపువ్వు వాడిపోయేలోగా రంగు పట్టుకోవాలి. నీటిరంగులో తప్పు పడితే ఆయిల్ పెయింట్‌లాగా మీద ఇంకో పూత వేసి కప్పలేం, తెలుపు కావాలంటే చాలాసార్లు కాగితాన్నే ఖాళీగా వదలాలి. ఆవిడ ఇదంతా కొండల మీద చేసింది, చలికి బిగుసుకుపోయిన వేళ్ళు కాచుకోవడానికి నిప్పు రాజేసుకోవాల్సి వచ్చేదని తనే చెప్పుకుంది. నువ్వేమో "ప్రకృతి ఒడిలో పరవశించి" అని రాసి దాటిపోయావు.

ఇది పత్రికలు అంటించిన జబ్బు. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే ఒకావిడ గురించి నేను వయసులో ఉండగా రాశాను. బట్టని కరక్కాయా పాలూ కలిపి నానబెట్టడం, తుప్పు ఇనుమూ బెల్లమూ నీళ్ళలో పులియబెట్టి నలుపు తీయడం, అన్నీ దగ్గర కూర్చుని చూసి రాసుకొచ్చాను. ఆదివారం అనుబంధం చూసే పెద్దమనిషి అదంతా కొట్టేసి, "వాళ్ళాయన ప్రోత్సాహం గురించి అడగలేదా?" అన్నాడు. అచ్చులో ఆవిడ ఇల్లు దిద్దుకునే వైనం మిగిలింది, రంగులు పోయాయి. ఇప్పటికీ తలుచుకుంటే కడుపు రగులుతుంది. ఇవాళ్టి ఎడిటర్లు అదే పనికి "స్ఫూర్తి" అని పేరు పెట్టారు.

చార్లెస్‌ని తీసెయ్యమని అనను. తండ్రికి ఇష్టం లేకపోయినా చేసుకుంది, శిలాజాలు తవ్వడానికి ఆయన రాకీలకి వెళ్తే తనూ వెళ్ళి పూలు వేసుకుంది. 1925లో మొదలుపెట్టి స్మిత్‌సోనియన్ ఆ బొమ్మల్ని 5 సంపుటాలుగా వేసింది, 400 చిత్రాలు! ఆయన 1927లోనే పోయారు, ఆవిడ 1940 దాకా ఉంది. ఆ పదమూడేళ్ళూ నీ వ్యాసంలో లేనే లేవు.

ఒక నీటిరంగుల పెట్టె కొనుక్కో. ఏదో ఒక గడ్డిపువ్వు తెచ్చుకుని వెయ్యి, బొమ్మ రాకపోయినా ఫర్వాలేదు, తడి ఆరకముందే పక్కన ఇంకో రంగు పెడితే ఏమవుతుందో నీ కళ్ళతో చూడు. తర్వాత ఆర్నికా దగ్గర మొదలుపెట్టి మొత్తం తిరగరాయి. సంక్రాంతిలోపు పంపితే చదువుతాను.