ట్రంకు పెట్టెలో కాగితాలు

చిన్నీకి,

మీ అత్త దీవించి రాసేది. ఇక్కడ కుప్పంలో మేం క్షేమం. మీ మామయ్య మోకాలి నొప్పి కాస్త తగ్గింది.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. యూనివర్సిటీ పని మీద మూడు నెలలు కేజీఎఫ్‌లో, అదే కోలారు బంగారు గనుల ఊళ్ళో ఉంటావట. గనిలో పనిచేసిన ముసలివాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళ మాటలు రికార్డు చేస్తావట. ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. మా నాన్న, అంటే మీ తాత, ముప్పై ఏళ్ళు దిగి ఎక్కిన గని గురించి ఆయన మనవరాలే రాయబోతోందంటే కళ్ళు చెమర్చాయి. వెంటనే కోపమూ వచ్చింది. రైలు టికెట్లు తీసుకున్నాక, ఇల్లు మాట్లాడుకున్నాక, అందరికంటే చివర నాకు తెలిసింది. నేను పుట్టి పెరిగిన ఊరికి వెళ్తూ నన్నొక మాట అడగాలని నీకు తోచలేదా? సరే, ఆ సంగతి నువ్వొచ్చినప్పుడు మాట్లాడుకుందాం. ముందు చెప్పాల్సినవి చెప్తాను.

ఇల్లు రాబర్ట్‌సన్‌పేట బజారు దగ్గర తీసుకున్నావట, మంచిదే. నీళ్ళు కాచుకుని తాగు. రికార్డింగ్ మొదలుపెట్టే ముందు వాళ్ళను అడుగు. తెల్లవారుజామున ఎవరి తలుపూ తట్టకు. అది మారికుప్పం నుంచి బెంగళూరు రైళ్ళు కదిలే వేళ. 2001 ఫిబ్రవరి 28న గని మూతపడ్డాక ఆ ఊళ్ళో వేలమంది బతుకు ఆ రైళ్ళకే కట్టేసి ఉంది. వంద కిలోమీటర్లు పోయి పనిచేసి, రాత్రికి తిరిగొచ్చి పడుకుంటారు. గనికి పోయిన తండ్రి పగటి వెలుగు చూడలేదు, రైలుకు పోయే కొడుకూ ఇంట్లో పగటి వెలుగు చూడడు.

ఒక్క విషయంలో మాత్రం నా మాట కాదనకు. మాస్కు లేకుండా సైనైడ్ దిబ్బల వైపు వెళ్ళకు. నీకు ఏడో ఏట వానాకాలమంతా పిల్లికూతలు వచ్చేవి. రాత్రుళ్ళు నిన్ను భుజాన వేసుకుని తిరిగింది నేనే, నాకు గుర్తుంది. ఆ దిబ్బలు కొండలు కావు. నూరేళ్ళకు పైగా రాయిని పిండి చేసి, సైనైడ్ నీళ్ళతో బంగారం లాగేసుకున్నాక మిగిలిన మట్టి అది. మూడు కోట్ల టన్నులకు పైగా ఉంటుంది. ఆషాఢం గాలి లేచిందంటే ఆ దుమ్ము అన్నం పళ్ళెంలోకి వస్తుంది. ఆరేసిన బట్టల మీద తెల్లగా పేరుకుంటుంది. చిన్నప్పుడు మేం ఆ దిబ్బల మీద జారుడుబండ ఆడేవాళ్ళం. ఎవరూ వద్దనలేదు. నీ ఫొటోల కోసమైతే దూరం నుంచి తీసుకో.

మీ తాత గురించి నీకెవరూ సరిగా చెప్పలేదనుకుంటాను. మీ నాన్నకు అప్పటికి ఊహ తెలియదు. వి.కోట పక్కన మాకు రెండెకరాల మెట్ట ఉండేది. వరసగా వానలు లేక, రాగులు కూడా చేతికి రాక, ఆయన పద్దెనిమిదో ఏట కేజీఎఫ్ వచ్చాడు. అండర్‌గ్రౌండ్‌లో డ్రిల్లింగ్ పని. గనిలోకి దించే ఇనుప బోను, కేజ్‌లో నిలబడితే కింద పాతాళమే. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లు దాటింది. అంత లోతున రాయి మీద చెయ్యి పెట్టలేనంత వేడని చెప్పేవాడు. రాతిలో రంధ్రం వేస్తే లేచేది మామూలు మట్టి దుమ్ము కాదు, సన్నటి గాజుపొడి లాంటిది. ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. 1940లలో ఆ గనివాళ్ళను పరీక్ష చేస్తే నూటికి 43 మందికి పైగా సిలికోసిస్, అంటే ఆ రాతి దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు, కనబడింది. నువ్వు పుస్తకాల్లో ఈ లెక్క చదివే ఉంటావు. మా ఇంట్లో ఆ లెక్క ఎలా ఉండేదంటే, ఆయన చివరి నాలుగేళ్ళు పడుకోలేదు. గోడకు రెండు దిండ్లు ఆనించుకుని కూర్చునే నిద్రపోయేవాడు. మా అమ్మ పక్కన కూర్చుని వీపు రాసేది. దగ్గు ఆగితే భయపడేది, మొదలైతే ఊపిరి పీల్చుకునేది.

ఏర్‌బ్లాస్ట్ గురించి అందరినీ అడుగుతావు, తెలుసు. ఆడవాళ్ళను ముందు అడుగు. లోపల రాయి ఒత్తిడికి పగిలిందంటే పైన నేల వణికేది. అటక మీది గిన్నెలు దొర్లి కిందపడేవి. గిన్నె చప్పుడు వినగానే లైన్లలో, అంటే కూలీల ఇళ్ళ వరసల్లో, ఆడవాళ్ళంతా చేతిలో పని చేతిలోనే వదిలి గనిలోకి దిగే షాఫ్ట్ వైపు పరుగెత్తేవాళ్ళు. మా అమ్మ ఒకసారి పిండి కలిపిన చేత్తోనే పోయింది. నాన్న మూడు గంటల తర్వాత కేజ్‌లో పైకొచ్చాడు. ఆమె ఏమీ అనలేదు. ఆయన చొక్కా పట్టుకుని ఇంటిదాకా నడిచింది. పిండి అంతా ఆ చొక్కాకు అంటుకుని ఉంది. ఆ తర్వాత మా ఇంట్లో అటక మీద గిన్నెలు పెట్టలేదు. ఇప్పటికీ నేను పెట్టను. నువ్వు చాలాసార్లు అడిగావు కదా, అత్తా అటకంతా ఖాళీగా ఎందుకుందని.

నీ రాతను ఇంగ్లీషు దొరలతో మొదలుపెట్టకు. 1802లో బ్రిటిష్ సైన్యంలోని లెఫ్టినెంట్ వారెన్ వచ్చి చూసేనాటికే ఊరిగాం, మారికుప్పం జనం మట్టి కడిగి బంగారం తీస్తున్నారు. నూనె దీపాలు పట్టుకుని చిన్న చిన్న గుంతల్లోకి దిగేవాళ్ళు. లావెల్ అనే మాజీ సైనికుడు బంగారం తవ్వడానికి లైసెన్స్ తెచ్చుకున్నది 1870లలో, జాన్ టేలర్ కంపెనీ దిగింది 1880లో. శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి 1902లో గనికి కరెంటు వచ్చింది. బెంగళూరుకు మరో మూడేళ్ళకు గానీ రాలేదు. ఆ కరెంటు ముందుగా వెళ్ళింది గని యంత్రాలకు. లైన్లలో ఆ తర్వాత కూడా చాలాకాలం బుడ్డి దీపాలే. ఈ మాట తప్పకుండా రాయి.

ఆ లైన్లలో ఉన్నదెవరో కూడా రాయి. ఉత్తర ఆర్కాటు నుంచి, మన చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఎక్కువమంది దళితులు. ఊళ్ళో రెడ్డి గారి పొలంలో జీతగాడిగా ఉండే బతుకు కంటే చీకట్లో కూలి నయమనుకుని వచ్చారు. 1930లో వేలిముద్రలు వేయాలంటే మేమేమైనా దొంగలమా అని ఇరవై ఒక్క రోజులు పని ఆపేశారు. ఆ ఊళ్ళో ముసలివాళ్ళు తలెత్తి మాట్లాడటం చూస్తావు. అది అక్కడి నుంచి వచ్చిందే. నీకు తమిళం రాదు కాబట్టి తెలుగులోనే నెమ్మదిగా మాట్లాడు, వాళ్ళు అర్థం చేసుకుంటారు. హైదరాబాద్ ఇంగ్లీషు మాత్రం మాట్లాడకు.

ఇంకొకటి గుర్తొచ్చింది. 1965లో అదే ఛాంపియన్ రీఫ్ గనిలో రెండు కిలోమీటర్లకు పైగా లోతున సైంటిస్టులు న్యూట్రినోలనే అతి సూక్ష్మమైన కణాల జాడ పట్టుకున్నారు. నాన్న ఇంటికొచ్చి, కింద చదువుకున్నవాళ్ళు కూర్చుని ఉన్నారని చెప్పేవాడు. ఏం వెతుకుతున్నారు నాన్నా అంటే, కంటికి కనబడనిదేదో వెతుకుతున్నారమ్మా, మేమూ అంతేగా అనేవాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది నీకే కాదు, మీ నాన్నకూ పూర్తిగా తెలియదు.

నువ్వు చేయబోయే పని నేను ఒకసారి మొదలుపెట్టాను. 2003లో. అప్పుడు కుప్పంలో తెలుగు టీచర్ని. గని మూతపడి రెండేళ్ళయింది. మా పాత లైన్ల గురించి ఒక పుస్తకం రాయాలని, వేసవి సెలవుల్లో రోజూ రైలెక్కి వెళ్ళేదాన్ని. మా ఇంటికి నాలుగు ఇళ్ళ అవతల ఒక పెద్దాయన ఉండేవాడు. టింబర్‌మ్యాన్ పని చేశాడు. కింద రాతి కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. మా నాన్నకు స్నేహితుడు, నేను మామా అని పిలిచేదాన్ని. మూడో రోజు ఆయన మంచం కింద నుంచి ట్రంకు పెట్టె లాగాడు. సర్వీసు కాగితాలు, ఛాతీ ఎక్స్‌రే, ఇత్తడి టోకెన్, గోధుమరంగుకు తిరిగిపోయిన ఒక ఫొటో. అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి నా చేతిలో పెట్టాడు. టోకెన్ మాత్రం మళ్ళీ తీసి జేబులో వేసుకున్నాడు. జిరాక్స్ తీయించి రేపు తెచ్చిస్తాను మామా అన్నాను.

బంగారుపేటలో జిరాక్స్ షాపులో కరెంటు లేదు. కుప్పంలో తీయిద్దాంలే అనుకున్నాను. దారిలో కూరగాయలు కొన్నాను. రైల్లో కూర్చునే చోటు దొరకలేదు. కవర్ పైన బెర్త్ మీద పెట్టాను. కుప్పం రాగానే వాన. కూరగాయల సంచీ, గొడుగు పట్టుకుని దిగాను. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే గుర్తొచ్చింది.

ఆ రాత్రే మీ మామయ్య జోలార్‌పేట దాకా పోయాడు. మర్నాడు నేను పోయాను. దొరకలేదు.

అది మొదటి తప్పు. ఎవరికైనా జరగొచ్చు. నేను నీకు చెప్పాలనుకున్నది దాని తర్వాతది. నేను ఆయనకు చెప్పలేదు. మర్నాడు చెప్పలేదు, ఆ వారం చెప్పలేదు. ఎలాగైనా దొరుకుతుందని ఆగాను. గని మూతపడ్డాక రావాల్సిన డబ్బుకో, ఉంటున్న ఇంటికో, దేనికైనా ఆ కాగితాలు అడిగే రోజులవి. నాకు తెలుసు, అయినా ఆగాను. పదిహేను రోజులకు ఆయన మనవడిని పంపించాడు. కాగితాలు జిరాక్స్ షాపులో ఉన్నాయి, షాపువాళ్ళు ఊళ్ళో లేరని చెప్పి ఆ పిల్లాడికి మజ్జిగ ఇచ్చి పంపాను. పదేళ్ళవాడు. నా మాట నమ్మి మెట్లు దిగి పోయాడు. ఇన్నేళ్ళయినా ఆ పిల్లాడి వీపు నా కళ్ళ ముందే ఉంటుంది.

నలభై రోజుల తర్వాత వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చెప్పాను. తిడతాడని, కనీసం సర్వీసు కాగితం గురించి అడుగుతాడని అనుకున్నాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి ఒకటే అడిగాడు. "ఆ ఫొటోలో కుడివైపు చివరివాడిని చూశావా అమ్మా? వాడు మా తమ్ముడు." అంతకుముందు ఆ ఫొటో నేను సరిగా చూడనైనా లేదు. తమ్ముడు ఏర్‌బ్లాస్ట్‌లో పోయాడు. వాడికి ఇంకో ఫొటో లేదు.

సర్వీసు కాగితానికి నకలు సంపాదించడానికి ఏడాది పట్టింది. ప్రతిసారీ నేనే వెంట వెళ్ళాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. దారిలో నాకు టీ కూడా ఇప్పించేవాడు. కాగితం చేతికొచ్చిన ఆరు నెలలకు ఆయన పోయాడు. నేను ఆ పుస్తకం మళ్ళీ ముట్టుకోలేదు.

అందుకే చెప్తున్నా, చిన్నీ. ఎవరు ఎంత ప్రేమగా ఇచ్చినా కాగితం ఇల్లు దాటించకు. వాళ్ళ మంచం మీదే పెట్టి, వాళ్ళ ముందే ఫోన్‌తో ఫొటో తీసుకుని, వాళ్ళ చేతికే ఇచ్చేయి. వాళ్ళు పెట్టెలో పెట్టి మూత వేసేదాకా లేవకు. నీ దగ్గర మంచి కెమెరా ఉంది, నాకు ఆ రోజు అది లేదు. ఏదైనా పొరపాటు జరిగిందా, ఆ సాయంత్రమే వెళ్ళి చెప్పు. భయమేస్తే నాకు ఫోన్ చెయ్యి, నేను బస్సెక్కి వస్తాను, ఇద్దరం వెళ్దాం.

ఆ తర్వాత కర్నూలు జిల్లాలో బంగారు గని ఉన్న జొన్నగిరి కూడా వెళ్తానన్నావట. అశోకుడి సువర్ణగిరి అదేనని చెప్పే చరిత్రకారులున్నారు, ఎర్రగుడి శాసనాలూ ఆ దగ్గర్లోనే. అవి చూడు, కానీ ఎక్కువసేపు రైతుల దగ్గర కూర్చో. బోరు ఎన్ని అడుగులు పోయింది, పొలం ఎంతకు ఇచ్చారు, ఉద్యోగం ఎవరికి వచ్చింది, ఇవి అడుగు. మా పక్కన చిగురుగుంట, బిసానత్తం గనులు మూతపడి ఇన్నేళ్ళయినా, మళ్ళీ తెరుస్తారని మాట వస్తే చాలు, మా వీధి కుర్రాళ్ళ ముఖాలు వెలుగుతాయి. వాళ్ళను చూస్తే నాకు గుండె పీకుతుంది. వద్దని చెప్పలేను, వేరే పని చూపించలేను.

నా పాత నోటుపుస్తకం మీ నాన్న వచ్చినప్పుడు పంపుతాను. అరవై పేజీల దాకా రాశాను. అందులో పేర్లున్న చోట వాళ్ళ పిల్లలను అడగకుండా ఏదీ అచ్చు వేయకు.

చివరగా ఒక పని నాకోసం చెయ్యి. ఆ ఫొటో గ్రూపు ఫొటో కదా, ఇంకెవరి ఇంట్లోనైనా ఇంకో ప్రతి ఉండి తీరాలి. ఎనిమిది మంది వరసగా నిలబడి ఉన్నారని ఆయన చెప్పాడు. వెనక షాఫ్ట్ మీది పెద్ద చక్రం. అందరి నెత్తినా టోపీలు, ఒక్క కుడివైపు చివరివాడే టోపీ తీసి చంకలో పెట్టుకుని నవ్వుతున్నాడట. ఎవరైనా ట్రంకు పెట్టె తెరిస్తే చూడు. దొరికితే ఆ మనవడికి చేర్చాలి. ఇప్పుడతను ఆ పొద్దుటి రైల్లోనే పనికి పోయి వస్తున్నాడు. అతని ఫోన్ నంబరు నోటుపుస్తకం వెనక అట్ట మీద ఉంది.

ఉంటాను.

మీ అత్త